బాలింతకు చూపు తగ్గితే

మా అక్కయ్య కూతురు పురుడు పోసుకున్న తొమ్మిదవ నాటి మాట. పట్టపగలు, కిటికీలన్నీ తెరచివున్న గదిలో కూర్చుని, “మామయ్యా, దీపం వేయరూ? బిడ్డ మొగం కనబడటం లేదు” అన్నది. అంతకు రెండు రోజుల నుంచీ తలనొప్పి అని చెప్పుతూనే వున్నది. పథ్యం తప్పిందన్నారు ఒకరు. దిష్టి అన్నారు మరొకరు. పక్కింటి పెద్దావిడ బాలింత వాతమని తేల్చివేసినది. నేను ఫైళ్లతో కుస్తీపట్టే గుమాస్తాను. చూపు సంగతి గదా అని కళ్ల డాక్టరు వద్దకు తీసుకొనిపోయినాను. ఆయన టార్చి వేసి చూచి, కంట్లో దోషమేమీ లేదు, నీరసమని చుక్కలమందు వ్రాసి యిచ్చినాడు. అందులో సగం నిజమే. కన్ను బాగానే వున్నది. చూపును గ్రహించే మెదడు వెనుక భాగం వాచివున్నది. సాయంత్రానికి ఫిట్సు వచ్చినవి.

పెద్దాసుపత్రిలో ఎం.ఆర్.ఐ. తీసి చెప్పిన పేరు నోరు తిరగనిది: పోస్టీరియర్ రివర్సిబుల్ ఎన్సెఫలోపతి సిండ్రోమ్. పొట్టిగా ప్రెస్ అంటారు. 1996లో జూడీ హించీ అనే వైద్యురాలు మరికొందరితో కలిసి 15 మంది రోగుల వృత్తాంతం ప్రకటించిన తరువాతనే దీనికి ఒక రూపు ఏర్పడినది. రక్తపు పోటు హఠాత్తుగా హెచ్చినా, రక్తనాళాల లోపలి పొర చెడినా, వత్తిడికి పాత గొట్టం చెమర్చినట్లు నీరు మెదడులోనికి ఊరుతుంది.

చిక్కంతా ఎక్కడంటే, ఇది ఎప్పుడూ ఒకే వేషంతో రాదు. కొందరికి పోటు మామూలుగానే వుంటుంది. వాపు వెనుకనే వుండాలని లేదు; ముందు భాగంలోను, చిన్న మెదడులోను, మెదడు కాడలోను కూడా రావచ్చును. ఫిట్సు లేకుండా వట్టి తికమక మాటలతోనే కనిపించవచ్చును. అరుదుగా, తనకు చూపు పోయిన సంగతే రోగికి తెలియదు! సి.టి. స్కానులో ఏమీ లేదన్నంత మాత్రాన లేనట్లు కాదు. బాలింతలకే వస్తుందనీ అనుకోరాదు. మూత్రపిండాల జబ్బు, లూపస్ వున్నవారికి, కాన్సరు మందులు వాడేవారికి, కిడ్నీ మార్పిడి జరిగి టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మింగేవారికి కూడా రావచ్చును.

పోటును ఒక్కసారిగా పడగొట్టరు, మెల్లగా దించుతారు. మందు కారణమైతే దానిని ఆపడమో తగ్గించడమో చేస్తారు. అదీ డాక్టరే చేయాలి. గర్భిణీలకు, బాలింతలకు వచ్చే ఫిట్సుకు మెగ్నీషియం సల్ఫేటు ఇస్తారు. 1961 నాటికి మద్రాసులో కృష్ణ మేనోన్ గారు కొన్ని మత్తుమందుల మిశ్రమంతో ఈ ఫిట్సుకు చికిత్స చేసేవారు. 1995లో వెలువడిన పెద్ద పరీక్షతో మెగ్నీషియమే మేలని రుజువైనది. ధర కూడా స్వల్పమే.

పేరులో ‘నయమయ్యేది’ అని వున్నది గదా అని తాత్సారం చేయరాదు. ఆలస్యమైతే మెదడులో రక్తం చిమ్మి, లోపం శాశ్వతంగా మిగిలిపోవచ్చును. మేము పోగొట్టుకొన్న ఆ పూట తలచుకొంటే నాకిప్పటికీ గుండె దడ.

నాలుగవనాడు ఉదయం మా పిల్ల గోడమీది క్యాలెండరు చదివి, “ఇవాళ ఏకాదశి గదా మామయ్యా” అన్నది. కాన్పైన ఆరు వారాలదాకా ఈ ముప్పు వుండవచ్చునని చెప్పి డాక్టరమ్మ మమ్మల్ని ఇంటికి పంపినది. అక్కయ్య రోజూ రెండు పూటలా పోటు చూచి, పాలవాడి లెక్క వ్రాసే పుస్తకంలోనే ఒక ప్రక్కన వ్రాసిపెట్టుకొన్నది.