అంచుల దగ్గర పుట్టే హైడ్రోజన్

నీళ్లలోకి కరెంటు పంపి హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడానికి లెక్క ప్రకారం 1.23 వోల్టులు చాలు. ఆచరణలో ఇంకా ఎక్కువే పెట్టాలి. ఆ అదనపు ఖర్చు తగ్గించడానికే ఎలక్ట్రోడ్ మీద ఉత్ప్రేరకం పూస్తారు. హైడ్రోజన్ వైపు ఈ పనిలో ప్లాటినానిదే పైచేయి. హైడ్రోజన్ పరమాణువును అది పట్టుకోవలసినంతే పట్టుకుంటుంది. పట్టు వదులైతే పరమాణువు నిలవదు. బిగుసుకుపోతే మరోదానితో జతకట్టి వాయువుగా పైకి రాదు.

కానీ కొన్ని బాక్టీరియాలకు ప్లాటినంతో పనే లేదు. ఇనుము, నికెల్ ఉన్న ఎంజైములతోనే అవి హైడ్రోజన్ తయారుచేస్తాయి. నాకు అబ్బురంగా తోచేది ఈ సంగతే. డెన్మార్క్‌లో యెన్స్ నోర్‌స్కోవ్ బృందం ఇలాంటి ఎంజైముల్లో పని జరిగే చోటు ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టింది. నైట్రోజనేజ్ అనే ఎంజైములోని ఆ చోటుకూ, మాలిబ్డినం డైసల్ఫైడ్ పొరల అంచులకూ దగ్గరి పోలిక కనిపించింది. 2005లో ఆ ఫలితం వెలువడింది.

మాలిబ్డినం డైసల్ఫైడ్ కొత్తదేమీ కాదు. యంత్రాల్లో కందెనగా వాడతారు, చమురు శుద్ధి కర్మాగారాల్లో గంధకం తీసేయడానికీ వాడతారు. అయితే దాని పెద్ద స్ఫటికాలు హైడ్రోజన్ తయారీకి అంతకుముందే పరీక్షలో తేలిపోయాయి. కారణం తర్వాత తెలిసింది. ఈ పదార్థం పేకకట్టలా పొరలుపొరలుగా ఉంటుంది. ముక్కల ముఖం మీద ఏమీ జరగదు, పనంతా అంచుల్లోనే. 2007లో థామస్ హారమియో, ఇబ్ చోర్కెన్‌డార్ఫ్ తదితరులు బంగారం మీద దాని నానో పలకలను పెంచి, సూక్ష్మదర్శినితో కొలిచారు. ఉత్ప్రేరక చురుకుదనం పలక వైశాల్యాన్ని బట్టి కాక, అంచు పొడవును బట్టి పెరిగింది. అప్పటినుంచి అంచులు ఎక్కువ వచ్చేలా ఈ పదార్థాన్ని మలచడమే ప్రయోగశాలల పనైంది.

ఇంతకంటే చిక్కైనది ఆక్సిజన్ వైపు. క్షార ద్రావణంలోనైతే ఇనుము కలిసిన నికెల్ చక్కగా పనిచేస్తుంది. ఆమ్ల స్వభావమున్న పొరతో నడిచే పరికరాల్లో మాత్రం ఇరిడియమే దిక్కు. అది ప్రపంచమంతా కలిపి ఏడాదికి పది టన్నులు కూడా దొరకదు. అందులో అధికభాగం దక్షిణాఫ్రికాదే. ఆ ఆమ్లంలో కోబాల్ట్, నికెల్ లాంటి చౌక లోహాలు కరిగిపోతాయి. పరిశోధకుల శ్రమ, ప్రభుత్వాల డబ్బు ముందుగా వెళ్లవలసింది ఇక్కడికే.