పొద్దున్నే మీరేం తాగుతారు? ఏం తింటారు?



గౌలిగూడకు తెల్లవారుజామున 5 గంటలకే మెలకువ వస్తుంది. మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో దిగిన ప్రయాణికులు చేతిలో సంచులతో ముందుగా వెదికేది చాయ్ కోసమే. గౌలి అంటే పాలు అమ్ముకునేవాడు. పాలవాళ్ల పేరు మోస్తున్న పేటలో చాయ్ లేనిదే పొద్దు పొడవదంటే ఆశ్చర్యం ఏముంది?

వార్డులోనూ ఇంతే. ఒక మంచం దగ్గర ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్టు. పక్క మంచం మీది అమ్మ గుంటూరు వైపు మనిషి. ఆమెకు ఫిల్టర్ కాఫీ ఫ్లాస్కులో ఇంటినుంచి రావాలి. ఆ పక్కన మనవడు పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ వేసుకుని తింటుంటే, తాతగారు రాగి జావ అడుగుతారు. ఏ ఇద్దరి పొద్దునా ఒకటిగా ఉండదు.

ఇందులో ఏది మంచిది, ఏది చెడ్డది అని తీర్పు చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఒక్క సంగతి చెప్పాలని రాస్తున్నాను. పొద్దున్నే మీరు ఏం తాగుతారో, ఏం తింటారో, ఎన్ని గంటలకో మీ నర్సుకు, డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మేము అడగకపోయినా చెప్పండి. దీని విలువ నాకు ఎలా తెలిసిందో ముందుగా చెబుతాను.

నేను అడగని ప్రశ్న

నర్సింగ్ డిప్లొమా పూర్తి చేసి కొత్తగా డ్యూటీలో చేరిన రోజులవి. నా వార్డులో షుగర్ వ్యాధితో ఒక పెద్దాయన ఉండేవారు. పల్లెటూరి మనిషి, మాట నెమ్మది. ఉదయం 7:30కి ఆయనకు ఇన్సులిన్ ఇచ్చాను. పేరు, మంచం నంబరు, మోతాదు అన్నీ సరిచూసుకున్నాను. అరగంటలో టిఫిన్ వచ్చింది. పట్నంలో ఉంటున్న కొడుకు, నాన్నకు బలం వస్తుందని కార్న్‌ఫ్లేక్స్ డబ్బా తెచ్చిపెట్టాడు. ఆయా వాటిని పాలల్లో వేసి ఇచ్చి వెళ్లింది.

తొమ్మిది దాటాక ఆ మంచం వైపు చూస్తే ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దయి ఉంది. చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే సరిగా మాట రావడం లేదు. షుగర్ చూస్తే 48. డాక్టరుగారు పరుగున వచ్చి నరానికి గ్లూకోజు ఎక్కించారు. పది నిమిషాలలో ఆయన కళ్లు తెరిచి చూశారు. మంచం కింద గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఎందుకు తినలేదు తాతా?" అని అడిగాను.

"గా పాలల్ల నానిన అటుకులు నాతోని కాదు బిడ్డా. ఓ జొన్నరొట్టె, గింత చాయ్ ఉంటే సాలు. కొడుకు తెచ్చిండు గదా, వద్దంటే మంచిగుండదని ఊకున్న" అన్నారు.

ఆయన తప్పు లేదు, కొడుకు తప్పూ లేదు. ఇన్సులిన్ సూది గుచ్చే ముందు "తాతా, ఈ టిఫిన్ మీరు తింటారా?" అని నేను ఒక్క మాట అడిగి ఉండాల్సింది. ఆ రోజునుంచి ఆ ప్రశ్న అడగకుండా నేను ఇన్సులిన్ ఇవ్వలేదు. నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలకు కూడా మొదట నేర్పేది ఇదే.

ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవారు ఉంటే ఇది గుర్తుంచుకోండి. టిఫిన్ ఎదురుగా సిద్ధంగా ఉందా, అది తినాలనిపించేదేనా అని చూసుకున్నాకే సూది. చెమటలు, వణుకు, తికమక కనిపించి షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించండి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

సీరియల్ పుట్టింది ఆసుపత్రి వంటింట్లోనే

ఆ పెద్దాయన తినలేకపోయిన కార్న్‌ఫ్లేక్స్‌కూ ఆసుపత్రికీ పాత చుట్టరికం ఉంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్ అనే ఊళ్లో సెవెంత్ డే అడ్వెంటిస్ట్ సంఘం నెలకొల్పిన ఆరోగ్యాలయం ఒకటి ఉండేది. దాని ముఖ్య వైద్యుడు డాక్టర్ జాన్ హార్వే కెలాగ్. ఆయన తమ్ముడు విల్ కీత్ కెలాగ్ అక్కడి లెక్కలు, పనులు చూసేవాడు. రోగులకు తేలికగా అరిగే చప్పిడి ఆహారం కోసం ప్రయత్నిస్తూ 1894లో వాళ్లు ఉడికించిన గోధుమను రోలర్ల మధ్య నలిపి రేకులుగా చేశారు. ఆ తర్వాత మొక్కజొన్న రేకులు వచ్చాయి. తమ్ముడు 1906లో సొంత కంపెనీ పెట్టాడు. రేకులలో పంచదార కలపాలని తమ్ముడు, కలపరాదని అన్న పట్టుబట్టి విడిపోయారు.

పెద్ద డాక్టరుగారు కాఫీకి కూడా వ్యతిరేకి. 1891లో అక్కడ రోగిగా చేరిన సి.డబ్ల్యు. పోస్ట్ అనే ఆయన, తర్వాత 1895లో గోధుమ, బెల్లపు పాకంలాంటి మొలాసిస్‌తో కాఫీకి బదులుగా ఒక పానీయం తయారుచేసి అమ్మాడు. కాఫీ మాత్రం ఎక్కడికీ పోలేదు!

1990ల మధ్యలో కెలాగ్స్ కంపెనీ మన దేశానికి వచ్చినప్పుడు మొదట్లో అమ్మకాలు అనుకున్నంత సాగలేదు. చల్లని పాలల్లో కరకరలాడే రేకులను మనవాళ్లు వేడి పాలల్లో వేస్తే మెత్తబడిపోయాయి. పైగా ఇడ్లీ, ఉప్మా తిన్న కడుపుకు అది టిఫిన్‌లా అనిపించలేదు. ఒకరికి మేలని చేసినది ఇంకొకరి నోటికి నచ్చాలని లేదు. నా వార్డులోని పెద్దాయన నేర్పిన పాఠమూ ఇదే.

కాఫీ, చాయ్ ఎంత?

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. 2024లో ఆ సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటరాదు. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, ఒక కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటాయి. ఫిల్టర్ కాఫీ అయితే రెండు కప్పులు, టీ అయితే నాలుగు కప్పులు అనుకుంటే హద్దులోనే ఉంటారు. గర్భిణీలు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఇంకా తగ్గించుకోవాలి. చిన్నపిల్లలకు అసలు అలవాటు చేయవద్దు. చాయ్‌లో బిస్కెట్టు ముంచి ఇచ్చి బడికి పంపితే అది టిఫిన్ కాదు.

చాలామంది మరచిపోయేది పంచదార. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులు తాగితే సుమారు 35 నుంచి 40 గ్రాములు. ఇలా విడిగా కలుపుకునే చక్కెర రోజుకు 50 గ్రాములలోపు ఉండాలని, 25 గ్రాములలోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఉస్మానియా బిస్కెట్టులోని చక్కెర, మైదా దీనికి అదనం.

రోజూ తాగేవారు ఒక్కసారిగా మానితే తలనొప్పి, చిరాకు వస్తాయి. ఉపవాస దినాలలోనూ, ఆపరేషన్ కోసం కడుపు ఖాళీగా ఉంచినప్పుడూ వచ్చే తలనొప్పికి ఇదీ ఒక కారణం. అలవాటు ఉంటే ముందే మాకు చెప్పండి. మీరూ భయపడరు, మేమూ వేరే కారణాలకోసం వెదకం.

మాత్రలతో, పరీక్షలతో జాగ్రత్త

థైరాయిడ్ మాత్ర: పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలి. కాఫీ గాని, టిఫిన్ గాని అరగంట నుంచి గంట తర్వాతే. కాఫీతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు. అది తెలియక రిపోర్టు చూసి మేము మోతాదు పెంచుతూ పోతాం. తప్పు మాత్రది కాదు, కప్పుది. ఐరన్, కాల్షియం మాత్రలకు దీనికి నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఐరన్ మాత్ర: టీ, కాఫీ, పాలతో వద్దు. టీ, కాఫీలలోని వగరు పదార్థాలు ఐరన్‌ను పట్టుకుని ఒంటికి అందనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్ మానాలి. నిమ్మరసం, జామ, ఉసిరి తీసుకుంటే ఐరన్ బాగా పడుతుంది. రక్తహీనత ఉన్న తల్లులు, ఆడపిల్లలు ఇది తప్పక పాటించాలి.

పరగడుపు షుగర్ పరీక్ష: కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏదీ తీసుకోరాదు. "టిఫిన్ తినలేదు సిస్టరమ్మా, చాయే కదా తాగింది" అనే మాట ల్యాబ్ ముందు ఎన్నోసార్లు విన్నాను. పాలు, పంచదార కలిసిన చాయ్ కూడా ఆహారమే. పొరపాటున తాగితే దాచకండి, పరీక్ష మరుసటి రోజు చేయించుకోవచ్చు. తప్పు రిపోర్టు మీద తప్పు మందు పడితే కష్టం.

బి.పి. పరీక్ష: అంతకు అరగంట ముందునుంచి కాఫీ, టీ తాగవద్దు.

గిన్నెలో ఏముంది?

కార్న్‌ఫ్లేక్స్ రక్తంలో షుగర్‌ను త్వరగా పెంచుతాయి. షుగర్ ఉన్నవారికి అవి రోజువారీ టిఫిన్‌గా తగవు. ఏ డబ్బా కొన్నా వెనుక చదవండి. పదార్థాలను బరువు ఎక్కువున్న వరుసలో రాస్తారు. పంచదార రెండో పేరో మూడో పేరో అయితే అది మిఠాయికి దగ్గర. ఓట్స్‌లోని కరిగే పీచు కొలెస్టరాల్ తగ్గడానికి తోడ్పడుతుంది. అయితే మసాలా కలిపిన ప్యాకెట్లలో ఉప్పు చూసుకోవాలి.

మన రాగులు 100 గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. జొన్నలో పీచు ఉంది. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది గాని, మన నాయనమ్మలకు ఆ సంగతి ముందే తెలుసు. ఒక్క జాగ్రత్త: మెత్తటి పిండిని పలుచగా జావ కాస్తే త్వరగా అరిగిపోతుంది. షుగర్ ఉన్నవారు జావకన్నా రొట్టె, లేదా పప్పుతో చేసిన పెసరట్టు ఎంచుకోవడం మేలు.

ఇష్టం వదలకుండా మార్పు

"అన్నీ మానెయ్యండి" అంటే ఎవరూ మానరు. మా ముందు తల ఊపి, వీధి మలుపులో తాగుతారు. అందుకే ఒకసారికి ఒక్కటే మార్చండి. పెద్ద కప్పు బదులు "వన్ బై టూ". రెండు చెంచాల పంచదార బదులు వారం రోజులు ఒకటిన్నర, తర్వాత ఒకటి. నాలుక కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. సీరియల్ లేకపోతే పిల్లవాడు తిననంటే చప్పటిది కొని అరటిపండు, పల్లీలు కలపండి. ఇంటి పెద్దవారికి టిఫిన్ మార్చాలనుకుంటే ముందు వారినే అడగండి. ప్రేమతో తెచ్చినదైనా మంచం కింద ఉంటే మేలు చేయదు.

ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు ఒక చిన్న కాగితం తీసుకురండి. నిద్ర లేచింది మొదలు పది గంటలవరకు మీరు తాగినవి, తిన్నవి, వేసుకున్న మాత్రలు, వాటి వేళలు రాయండి. రాయడం రాకపోతే మనవడిచేత రాయించండి. సిగ్గుపడి ఒక కప్పు తగ్గించి రాయవద్దు. ఆ కాగితం చూసి మేము మిమ్మల్ని కోప్పడం. మీ కప్పుకూ మీ మాత్రకూ మధ్య ఎంత ఎడం ఉండాలో కలిసి లెక్క వేసుకుందాం.