షెపర్డ్ పెయిన్ – విద్య దాచుకోని మేస్త్రి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, చదువు విలువ గురించో క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాం. అవి మీరు ప్రతి ఏడూ చదువుతూనే ఉన్నారు. అందుకని ఈసారి బొమ్మలు చేసిన ఒక మనిషి గురించి రాస్తున్నాం. ఆయన పేరు షెపర్డ్ పెయిన్. స్నేహితులకు ‘షెప్’. అమెరికాలోని షికాగోలో బతికి, 2015 ఆగస్టులో కన్నుమూశాడు. ఆయన మనకు చుట్టం కాదు, మనం ఆయనను చూసిందీ లేదు. అయినా ఎందుకు రాస్తున్నామో చెప్పాలంటే ముందు మా తప్పొకటి ఒప్పుకోవాలి.

మా డ్యాం కథ

తొమ్మిదో తరగతిలో వైజ్ఞానిక ప్రదర్శన కోసం మా గదివాళ్ళం నలుగురం థర్మోకోల్‌తో నాగార్జునసాగర్ డ్యాం చేశాం. పాడైపోయిన కూలర్‌లోంచి తీసిన చిన్న పంపుతో నీళ్ళు పైకెక్కి గేట్లలోంచి దూకేవి. పక్క గదివాళ్ళు చూస్తారని రాత్రి స్టడీ అవర్ కాగానే దానిమీద దుప్పటి కప్పేవాళ్ళం. ఆరో తరగతి తమ్ముడొకడు రోజూ గుమ్మం దగ్గర కూర్చుని, ‘అన్నా, నీళ్ళు పైకెట్లా పోతున్నయి?’ అని అడిగేవాడు. ‘నీకెందుకురా, పోయి చదువుకో’ అనేవాళ్ళం.

ప్రదర్శన రోజున చూడడానికొచ్చిన ఒక సారు డ్యాం మీద మేము నిలబెట్టిన అట్ట మనిషిని చూపించి, ‘ఈయన 5 సెంటీమీటర్లున్నాడు, డ్యాం 50 సెంటీమీటర్లుంది. సాగర్ డ్యాం పదిమంది మనుషుల ఎత్తేనా?’ అని అడిగారు. మా నోట మాట రాలేదు.

మేము పదో తరగతి అయిపోయి వెళ్ళిన తర్వాత రెండేళ్ళపాటు మన హాస్టల్ నుంచి నడిచే మోడల్ ఒక్కటీ ప్రదర్శనకు పోలేదని తర్వాత తెలిసింది. చెయ్యగలిగిన పిల్లలు ఉన్నారు. చెప్పాల్సిన మేమే చెప్పలేదు.

స్కేలు అంటే ఏమిటి?

హైదరాబాద్‌లో పీజీ చదువుతుండగా ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో ‘హౌ టు బిల్డ్ డయోరామాస్’ అనే పుస్తకం దొరికింది. రాసినవాడు షెపర్డ్ పెయిన్. మొదట 1980లో అచ్చయింది. ఆ సారు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ పుస్తకం చదివాకే మాకు తట్టింది.

అసలు వస్తువును అన్ని వైపులా ఒకే లెక్కన తగ్గించి చేయడమే స్కేల్ మోడలింగ్. సైనికుల బొమ్మలకు, ట్యాంకులకు ఎక్కువగా వాడే స్కేలు 1:35. అంటే 175 సెంటీమీటర్ల మనిషి 5 సెంటీమీటర్లవుతాడు. 14 మీటర్ల పొడవున్న భోజనాల హాలు 40 సెంటీమీటర్లవుతుంది. సాగర్ డ్యాం ఎత్తు సుమారు 124 మీటర్లు. దాన్ని మేము 50 సెంటీమీటర్లు చేశాం, అంటే స్కేలు 1:248. ఆ లెక్కన మా మనిషి 7 మిల్లీమీటర్లే ఉండాలి, బియ్యపు గింజంత. మేము ఒక రాక్షసుణ్ణి తెచ్చి డ్యాం మీద నిలబెట్టామన్నమాట!

పెయిన్ చేసిన పని

ట్యాంకునో విమానాన్నో కిట్టు కొని అతికించి, రంగు వేసి, అద్దాల బీరువాలో పెట్టుకోవడం చాలామందికి అలవాటు. ఆ బొమ్మ చుట్టూ నేల, గోడ, మనుషులు చేర్చి ఒక సంఘటనను చూపిస్తే దాన్ని డయోరామా అంటారు. పెయిన్‌కు పేరు తెచ్చింది ఇదే. 1970లలో షికాగో దగ్గరి మోనోగ్రామ్ కంపెనీ తన కిట్లతో పాటు పెట్టెలో రంగుల కరపత్రాలు పెట్టేది. వాటిలో పెయిన్ చేసిన డయోరామాల ఫోటోలు, అవి ఎలా చేశాడో వివరాలు ఉండేవి. కిట్టు కొన్న పిల్లవాడికి బొమ్మతో పాటు పాఠం కూడా ఇంటికి వచ్చేది. ఒక తరం మోడలర్లు ఆ కాగితాలు చూసే ఈ పనిలోకి దిగారు.

ఆయన పుస్తకం నుంచి మేము నేర్చుకున్నవాటిలో మీకు పనికొచ్చేవి నాలుగు చెబుతాం.

మొదటిది, కథ. చూసేవాడికి ఎవరూ వివరించకుండానే అక్కడ ఏం జరుగుతోందో అర్థం కావాలి. మన ప్రదర్శనల్లో మోడల్ పక్కన చార్టు పట్టుకుని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాం. చార్టు లేకపోతే మోడల్ ఏం చెబుతుందో ఒకసారి చూసుకోండి.

రెండోది, అమరిక. బొమ్మను పీట అంచుకు సమాంతరంగా పెడితే పెరేడ్‌లో నిలబెట్టినట్టుంటుంది. కాస్త ఏటవాలుగా తిప్పితే కదులుతున్నట్టుంటుంది. పీట అవసరానికి మించి పెద్దదైతే ఖాళీ స్థలం కథను మింగేస్తుంది. అందుకే జిగురు ముట్టకముందే అన్నీ పేర్చి చూసుకోవాలి.

మూడోది, రంగు. చిన్న బొమ్మ మీద వెలుగునీడలు పెద్ద వస్తువు మీద పడినంత స్పష్టంగా పడవు. అందుకే నీడను కూడా మనమే రంగుతో వేయాలి. పల్చటి ముదురు రంగును గీతల్లోకి, సందుల్లోకి పారించాలి. ఆరిన తర్వాత లేత రంగులో కుంచె ముంచి, గుడ్డతో దాదాపు తుడిచేసి, ఎత్తుగా ఉన్న అంచుల మీద తేలిగ్గా రాయాలి. థర్మోకోల్ రాతిగోడ కూడా అప్పుడు రాయిలా కనబడుతుంది.

నాలుగోది, మనుషులు. కిట్టులో వచ్చిన సైనికుడు ఎలా ఉంటే అలా పెట్టనక్కర్లేదు. చెయ్యి కోసి, వంపు మార్చి అతికించి, సందును ముద్దతో పూడ్చవచ్చు. మనకు ఎంసీల్ తెలుసు కదా, అటువంటి ముద్దే. తల కొంచెం పక్కకు తిప్పితే చాలు, ఆ మనిషి ఎవరినో చూస్తున్నట్టవుతుంది.

ముందు వైపు మాత్రమే తెరిచిన పెట్టెలో దృశ్యం కట్టి, కనబడకుండా చిన్న బల్బులు పెట్టి, నాటకం స్టేజీలా చూపించే పద్ధతిలో కూడా ఆయన అందెవేసిన చెయ్యి. ఇవన్నీ వృత్తి రహస్యాలు. దాచుకుంటే ఆయన ఒక్కడే గొప్పవాడిగా ఉండేవాడు. దాచుకోలేదు. ఎక్కడ కొయ్యాలి, ఏ రంగు మీద ఏ రంగు వెయ్యాలి అన్నదంతా ఫోటోలతో సహా అచ్చు వేయించాడు.

ఫస్టు, సెకండు లేని పోటీ

షికాగోలో సైనిక బొమ్మలు చేసేవాళ్ళ సంఘం ఏటా ప్రదర్శన జరుపుతుంది. అక్కడ ఒక బొమ్మను ఇంకో బొమ్మతో పోల్చరు. ప్రతి పనినీ ఒక ప్రమాణంతో కొలుస్తారు. ఆ స్థాయిని అందుకున్నవాళ్ళు పదిమంది ఉంటే పదిమందికీ బంగారు పతకం ఇస్తారు. ఈ పద్ధతిని బలంగా సమర్థించి నిలబెట్టినవాళ్ళలో పెయిన్ ఒకడు.

దీని గురించి చదివినప్పుడు మాకు ఆ దుప్పటి గుర్తుకొచ్చింది. పక్కవాడు గెలిస్తే మనం ఓడినట్టే అనుకున్నప్పుడే దుప్పటి కప్పబుద్ధి అవుతుంది. పక్కవాడికి వచ్చినంత మాత్రాన మన పతకం పోదని తెలిస్తే, తలుపు తీసి పెట్టడానికి భయమేముంది?

ఆయన తర్వాత

2008లో పెయిన్ జీవితం, పనితనం మీద పెద్ద పుస్తకం వచ్చింది. రాసిన జిమ్ డెరొగాటిస్ షికాగోలో పేరున్న సంగీత విమర్శకుడు. ఆయన కూడా మోడలింగ్ అభిమానే. పెయిన్ పోయినప్పుడు ఆయనను కళ్ళారా చూడని మోడలర్లు కూడా మాకు గురువు పోయాడన్నారు. ఏకలవ్యుడు బొమ్మను గురువుగా పెట్టుకుని నేర్చుకున్నాడు. ఆ గురువు బొటనవేలు అడిగాడు. ఈ గురువు ఏమీ అడగలేదు.

మా ఇళ్ళలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేము. ఏ ఫారం ఎక్కడ దొరుకుతుందో, ఎంట్రన్సుకు ఏ పుస్తకం చదవాలో ఇంట్లో అడగడానికి మాకెవరూ లేరు. మన హాస్టల్ సీనియర్లు చెప్పబట్టే పీజీ దాకా వచ్చాం. చెప్పించుకుని ఎదిగిన మేము, ఆ ఆరో తరగతి తమ్ముడికి మాత్రం చెప్పలేదు. వాడిప్పుడు ఎక్కడున్నాడో కనుక్కుంటున్నాం. ఈ సంచిక వాడి చేతికి అందితే, తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇది: డ్యాం వెనక నీళ్ళ టబ్బు ఉండేది, పంపు అందులో మునిగి ఉండేది, సన్న పైపు గోడ లోపలినుంచి పైకి పోయేది. అంతే. దాచుకునేంత గొప్ప సంగతేమీ కాదు.

డ్యాం కొలతలు, పంపు అమర్చే తీరు, రంగులు వేసే పద్ధతి నాలుగు పేజీల్లో బొమ్మలతో సహా రాసి వార్డెన్ గారికి ఇచ్చాం. హాస్టల్ లైబ్రరీ బీరువాలో, పైఅరలో ఉంటుంది. ఆ బీరువాకు తాళం వెయ్యవద్దని కూడా మనవి చేశాం. చదివి చెయ్యండి. మాకంటే బాగా చెయ్యండి. చేశాక, మేము రాయడం మరిచిపోయింది ఏదైనా ఉంటే అయిదో పేజీ మీరు రాసి అక్కడే పెట్టండి.