ఇసుక నడుమ మీసాల చేప

సహారా ఎడారి అనగానే మన కళ్ళ ముందు ఒంటె నిలుస్తుంది, ఖర్జూర చెట్టు నిలుస్తుంది. చేప మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. అయితే లిబియా నైఋతి మూలన అకాకుస్ కొండల్లో తకర్కోరి అనే రాతి చరియ కింద పురావస్తు పరిశోధకులు తవ్వి తీసిన జంతు అవశేషాల్లో ఐదింట నాలుగు వంతులు చేపల ఎముకలే. 2020లో ఈ వివరాలు వెలువడ్డాయి. ఆ చేపల్లో ముఖ్యమైనవి రెండే రకాలు: ఒకటి మీసాల చేప, అంటే క్యాట్‌ఫిష్, రెండవది తిలాపియా. పదివేల ఏళ్ళ కిందటి అడుగు పొరల్లో చేపల వాటా నూటికి తొంభై. సుమారు అయిదువేల ఏళ్ళ కిందటి పై పొరల్లో అది నలభైకి పడిపోయింది. సరస్సులు ఎండిపోతూ ఉండగా ఆ మనుషులు చేపలను వదిలి పశువులను ఆశ్రయించారు. ఒక ప్రదేశం ఎడారిగా మారిన కథ ఇంత స్పష్టంగా ఎముకల్లో మిగిలి ఉండటం ఆశ్చర్యకరం.

నేడు ఆ రెండు చేపలే తిరిగి సహారాకు చేరుతున్నాయి. అల్జీరియా దక్షిణ ప్రాంతంలోని వర్గ్లా పరిసరాల్లో ఖర్జూర తోటలకు నీరు పారించేందుకు కట్టిన తొట్లలో, ఆరుబయట చెరువుల్లో రైతులు వాటిని పెంచుతున్నారు. 2018 జులై 5న వర్గ్లాలో ఉష్ణోగ్రత 51.3 డిగ్రీలు నమోదైంది. అటువంటి చోట చేపను బతికించడం ఎలా?

సృష్టికర్త ఆఫ్రికా మీసాల చేపకు మొప్పలతో పాటు మరో అవయవాన్ని ప్రసాదించాడు. మొప్పల పైభాగాన, చెట్టు కొమ్మల్లా చీలిన మెత్తని కణజాలం అది. దాని సాయంతో చేప నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది: 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో దాదాపు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 35 డిగ్రీల వద్ద ఏడే. మరో చేప ఊపిరాడక తేలిపోయే నీటిలో ఇది నిలుస్తుంది. అలాంటి నీటిలో పైకి రానీయకుండా వల కింద బంధిస్తే మాత్రం చేప అయి ఉండీ మునిగి చస్తుంది!

అయినా ఈ ఓర్పుకు హద్దు ఉంది. 28 నుంచి 30 డిగ్రీలు దీనికి హితవు. 35 దాటితే మేత తగ్గిస్తుంది, 40కి చేరువైతే ప్రాణాపాయం. కాబట్టి ఎడారిలో చెరువు మనిషి మొదట చూసుకోవలసింది నీడ, లోతు. తాటాకు పందిరో, నీడవలో, ఖర్జూర చెట్ల వరుసో ఉండాలి. అడుగున చల్లటి నీరు నిలిచేంత లోతు ఉండాలి. మోకాలి లోతు గుంట మధ్యాహ్నానికి కాగిన గంగాళం అవుతుంది. ఇక్కడ మరో చిక్కు ఉంది. అక్కడి లోతైన బోర్ల నుంచి వచ్చే నీరే అరవై డిగ్రీల దాకా వేడిగా ఉంటుంది. దానిని చల్లార్చిన తరువాతే చెరువులోకి వదలాలి. చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగినప్పుడు అదే వేడినీరు వరమవుతుంది.

మిట్టమధ్యాహ్నం కన్నా ఫజ్ర్‌కు ముందు ఘడియలే ప్రమాదకరమని కొత్తవారికి తెలియదు. పగలంతా ప్రాణవాయువును విడుదల చేసిన పచ్చటి నాచు రాత్రంతా దానినే పీలుస్తుంది. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. తోడుగా ఉన్న తిలాపియాలు నోళ్ళు తెరిచి పైన మూగితే ఆ రోజు మేత ఆపి, కొత్త నీరు పారించాలి. మిగిలిపోయిన మేత కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది, వేడిలో దాని విషం రెట్టింపు చురుకు. పిల్లలను పరిమాణాన్ని బట్టి తరచూ వేరుచేయాలి. లేకపోతే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. ఈ చేపలో బంధుప్రీతి లేదు.

అసలు ప్రశ్న నీటిది. అల్జీరియా, ట్యునీసియా, లిబియా దేశాల కింద దాదాపు పది లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న జలరాశి నుంచి ఆ నీరు వస్తోంది. అందులో అధికభాగం వేల ఏళ్ళ కిందట, సహారాలో వానలు కురిసిన కాలంలో ఇంకినది. తోడినంతగా మళ్ళీ ఊరదు. అక్కడ ఏడాదికి రెండు మీటర్ల పైగా నీరు ఆవిరవుతుంది. అంటే వంద చదరపు మీటర్ల చెరువు ఏటా రెండు లక్షల లీటర్లను గాలికి అప్పగిస్తుంది. దైవప్రవక్త (స) లీటరు కన్నా తక్కువ నీటితో, ఒక ముద్‌తో, వుజూ ముగించేవారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఇంటి ముందు అలంకారం కోసం పెద్ద చేపను పెంచే చెరువును ఎడారిలో నేను సమర్థించలేను, అది ఇస్రాఫ్ అనిపిస్తుంది. తోట చెరువు సంగతి వేరు. ఆ నీరు ఎలాగూ ఖర్జూరాలకు పారవలసిందే. చేపల విసర్జనతో నత్రజని కలిసిన నీరు చెట్టుకు ఎరువు కూడా మోసుకుపోతుంది. ఒకే నీరు రెండు ఉపాధులు చూపుతుంది.

పొలుసులు లేని చేప హలాలేనా అని మన ఇళ్ళలో తరచూ అడుగుతారు. నాలుగు సున్నీ మజ్హబ్‌ల ప్రకారం హలాలే. జాఫరీ ఫిఖ్హ్‌లో పొలుసు షరతు ఉంది. మనలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మజ్హబ్‌లో దానంతట అది చచ్చి తేలిన చేపను తినరు. కాబట్టి వేసవిలో చచ్చి తేలినవాటిని బజారుకు పంపడం వ్యాపార కౌశలం కాదు.

గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన మన సోదరులు కొందరికి ఈ పెంపకం మీద ఆశ కలుగవచ్చు. వారికి ఒక మాట. ఆఫ్రికా మీసాల చేప పెంపకం మన దేశంలో నిషిద్ధం. వరదలో తప్పించుకుని వాగుల్లో పడితే అది స్థానిక చేపలను హరించివేస్తుంది. మన మార్పు చేప ఇప్పటికే అరుదైపోతోంది. పైగా దానిని గుట్టుగా పెంచేవారు కోళ్ళ వ్యర్థాలను, కబేళా మలినాలను మేపుతున్నారు. అశుద్ధం తిని పెరిగిన జంతువును షరీఅత్ జల్లాలా అంటుంది. శుభ్రమైన మేతపై కొంతకాలం ఉంచనిదే దాని మాంసం తినరాదని ధర్మవేత్తలు చెప్పారు. చెరువు తవ్వించాలనుకునేవారు ముందుగా జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్ళి మార్పు చేప పిల్లలు ఎక్కడ దొరుకుతాయో విచారించాలి. బోరు వేసేది ఆ తరువాతే.