ఇన్సులిన్ సూది లేని జీవితం సాధ్యమేనా?

టైపు-1 మధుమేహంలో శరీర రక్షణ వ్యవస్థే పొరబడి, క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికల్లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేస్తుంది. 1922 నుంచి ఇన్సులిన్ ఇంజక్షను ఇలాంటివారి ప్రాణం నిలుపుతున్నది. కాని రోజూ సూది తప్పదు. మోతాదు కాస్త ఎక్కువైతే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పే ప్రమాదమూ ఉంది. మరి పోయిన కణాలను తిరిగి నాటితే?

కృష్ణా డెల్టాలో పుట్టిన మనకు ఇది వరినాటుతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. నారు పీకి నాటినంత మాత్రాన పంట చేతికి రాదు. నారు సరిపోవాలి, నాటు మూన తిరగాలి, ఆపైన తెగులు తగలకుండా కాచుకోవాలి. పుటికల మార్పిడికీ ఈ మూడే షరతులు.

దాత క్లోమం నుంచి ఎంజైముతో పుటికలను వేరుచేసి, రోగి కాలేయానికి పోయే పోర్టల్ సిరలోకి ఎక్కిస్తారు. 2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షాపిరో బృందం స్టెరాయిడ్లు లేని మందులతో ఏడుగురికి ఏడుగురినీ ఇన్సులిన్ అవసరం లేకుండా చేసింది. ఒక దాత పుటికలు చాలక ఒక్కొక్కరికి కనీసం ఇద్దరివి ఎక్కించవలసి వచ్చింది. అందుకే బరువు తక్కువగా ఉండి, తక్కువ ఇన్సులిన్‌తో సరిపోయేవారికి విజయావకాశం ఎక్కువ.

రెండోది నిలదొక్కుకోవడం. రక్తం తగలగానే పుటికల చుట్టూ గడ్డకట్టి, వాపు పుట్టి చాలా కణాలు తొలిరోజుల్లోనే చస్తాయి. అందుకని హెపారిన్ వంటి మందులు ఇస్తారు. కొత్త రక్తనాళాలు అల్లుకునేదాకా బయటినుంచి ఇన్సులిన్ ఇచ్చి పుటికలకు విశ్రాంతి కల్పిస్తారు.

మూడోది శరీరం తిరస్కరించడం, పాత వ్యాధి తిరగబెట్టడం. చిక్కేమిటంటే, వీటిని అణచే టాక్రోలిమస్ వంటి మందులే బీటా కణాలకూ కొంత చెరుపు చేస్తాయి. 2006లో వెలువడిన ఫలితాల్లో 36 మందిలో 16 మంది ఏడాది తర్వాత ఇన్సులిన్ లేకుండా ఉన్నారు. రెండేళ్ళకు వారిలో అయిదుగురే మిగిలారు.

అలాగని మిగతావారి విషయంలో శ్రమ వృథా అయినట్టు కాదు. పుటికలు కొంత పనిచేస్తున్నా చాలు, చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం బాగా తగ్గుతుంది. అయితే రక్షణ వ్యవస్థను అణచే మందులు విడవకుండా వాడాలి. వాటివల్ల అంటురోగాల భయం, మూత్రపిండాలకు హాని. కనుక ఈ చికిత్స అందరికీ కాదు. ఇన్సులిన్‌తో చక్కెర అదుపు తప్పి, తరచు స్పృహ కోల్పోయేవారికే.

2025లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, మూలకణాల నుంచి పెంచిన పుటికలు పూర్తి మోతాదులో పొందిన 12 మందిలో 10 మందికి ఏడాది నాటికి ఇన్సులిన్ అవసరం లేకపోయింది. అంటే నారు కొరత తీరే దారి కనబడింది. కాని వారికీ ఆ మందులు తప్పలేదు. ఆ మందులు లేకుండా నాటు నిలిచిన రోజునే ఇంజక్షను భారం నిజంగా దిగినట్టు.