ఆ మాటలు ఎవరి కోసం?

ప్రార్థన ఊపందుకుంటుంది. ఉన్నట్టుండి ఒకరి నోటి వెంట తెలుగూ కాని, ఇంగ్లిషూ కాని మాటలు ధారగా దొర్లుతాయి. పక్కనున్నవారికి అర్థం కావు. ఆ మాటకొస్తే పలికినవారికీ అర్థం కావు! కొందరికి అది దైవభాష. కొందరికి వట్టి ఆవేశం. ఇంకొందరికి, తమకెందుకు రాలేదన్న దిగులు. ఇంతకీ ఈ ‘అన్యభాషల వరం’ ఎందుకు? బైబిలు ఏం చెబుతోంది?

1906. అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నుంచి ఆల్ఫ్రెడ్ గార్ అనే యువ బోధకుడు భార్య లిలియన్‌తో కలిసి భారతదేశానికి బయల్దేరాడు. చేతిలో బెంగాలీ వాచకం లేదు, నిఘంటువు లేదు. వాటి అవసరం ఉందని ఆయన అనుకోలేదు. ప్రార్థనలో తన నోట పలికిన వింత మాటలు బెంగాలీయేనని గట్టిగా నమ్మాడు. దేవుడే భాష ఇచ్చాక బడికెళ్లి నేర్చుకోవడం ఎందుకు?

1907 మొదట్లో గార్ దంపతులు కలకత్తాలో ఉన్నారు. ఆయన మాట్లాడాడు. బెంగాలీలకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

మరొకరైతే అక్కడితో ఆ నమ్మకాన్నే వదిలేసేవారేమో. గార్ వదల్లేదు. కలకత్తాలోని మిషనరీల మధ్య కొన్నాళ్లు బోధించి, హాంకాంగ్ వెళ్లి, బుద్ధిగా చైనా భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆత్మ ఇచ్చిన భాషతో స్థానికులకు బోధించగలిగినవారిని ఇంతవరకూ తాను చూడలేదని తర్వాత ఒప్పుకొన్నాడు కూడా. అయినా ఆ వరం అబద్ధమని మాత్రం అనలేదు. అది దేవుడితో మాట్లాడుకోవడానికి అనుకున్నాడు.

అంటే వరం అదే. అది ఎందుకన్న జవాబే మారింది. క్రైస్తవ లోకం రెండువేల ఏళ్లుగా వెతుకుతున్న జవాబు కూడా అదే.

పండగ పూట వింత

కథ యెరూషలేములో మొదలవుతుంది. యేసు సిలువ మరణం జరిగిన పస్కా పండగ వెళ్లి యాభై రోజులైంది. ఆ రోజు పెంతెకొస్తు, యూదుల కోతల పండగ. దూరదేశాల్లో స్థిరపడిన యూదులు ఎక్కడెక్కడి నుంచో నగరానికి వచ్చారు. యేసు శిష్యులంతా ఒకచోట కూడుకుని ఉన్నారు. అంతకు కొద్దిరోజుల ముందు వారి సంఖ్య సుమారు 120 అని చెబుతుంది అపొస్తలుల కార్యముల గ్రంథం. బలమైన గాలి వీచినట్టు శబ్దం. అగ్నిజ్వాలల్లాంటి నాలుకలు ఒక్కొక్కరి మీదా వాలాయి. అంతే, వారు తమవి కాని భాషల్లో మాట్లాడటం మొదలుపెట్టారు.

గ్రీకులో ఇక్కడ వాడిన మాట ‘గ్లోస్సా’. దానికి నాలుక అని అర్థం, భాష అనీ అర్థం. పండితులు వాడే ‘గ్లోస్సోలాలియా’ అన్న పదం అందులోంచి పుట్టిందే.

పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు, మెసొపొతమియ, కప్పదొకియ, ఐగుప్తు, రోమా, క్రేతు, అరేబియా... ఇలా పదిహేను ప్రాంతాలను, జనాలను ఏకరువు పెడతాడు గ్రంథకర్త లూకా. వాళ్లంతా నోరెళ్లబెట్టారు. గలిలయ పల్లెటూళ్ల మనుషులు తమ తమ సొంత భాషల్లో దేవుడి గొప్ప పనుల గురించి చెబుతున్నారు మరి! వేళాకోళం చేసినవాళ్లూ లేకపోలేదు. తాగి వాగుతున్నారన్నారు. పేతురు లేచి, పొద్దున తొమ్మిదింటికే తాగుతామా అని తిప్పికొట్టాడు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఆ యాత్రికుల్లో చాలామందికి గ్రీకో అరమాయికో వచ్చే ఉంటుంది. పేతురు తర్వాత చేసిన ప్రసంగానికి అన్ని భాషలు కావలసి వచ్చినట్టు గ్రంథం చెప్పదు. మూడువేల మంది విశ్వసించింది ఆ ప్రసంగం విన్నాకే. అంటే కేవలం సమాచారం అందించడానికైతే ఇన్ని భాషలు అక్కర్లేదు. మరెందుకు? చాలామంది వ్యాఖ్యాతలు చెప్పే సమాధానం ఒకటే... అదొక సూచన. దేవుడి మాట ఒక జాతి సొత్తు కాదని, ఎవరి ఇంటి భాషలో వారిని పలకరిస్తుందని చెప్పే గుర్తు.

ఆదికాండంలోని బాబెలు గోపురం కథను చాలామంది ఇక్కడే తలచుకుంటారు. అక్కడ మనుషుల గర్వానికి భాషలు తారుమారై జనం చెల్లాచెదురైపోయారు. ఇక్కడ అవే భాషలు జనాన్ని ఒకచోటికి చేర్చాయి. గమనించాల్సిందేమిటంటే, దేవుడు అందరికీ ఒకే భాష అంటగట్టలేదు. ఎవరి భాషను వారికే ఉంచాడు.

గడప దాటిన వేళ

అదే గ్రంథం పదో అధ్యాయంలో ఇంకో ఘట్టం. కైసరయలో కొర్నేలీ అనే రోమా సైనికాధికారి ఉండేవాడు. యూదుడు కాడు. ఆచారం ప్రకారం అలాంటివాళ్ల ఇంటి గడప తొక్కడమే తప్పు. పేతురు మనసు చిక్కబట్టుకుని వెళ్లాడు. మాట్లాడుతుండగానే ఆ ఇంటివాళ్లు భాషలతో దేవుణ్ని స్తుతించడం మొదలుపెట్టారు. పేతురు వెంట వచ్చిన యూదు విశ్వాసులు నివ్వెరపోయారు.

ఇక్కడ అవతలివారికి అర్థం కావాల్సిన అవసరమే లేదు. దాని పని వేరు. మాకు వచ్చిందే వాళ్లకూ వచ్చింది, ఇక వాళ్లను కాదనడానికి మనమెవరం అనిపించడం. యెరూషలేముకు తిరిగి వెళ్లాక తనను నిలదీసినవారికి పేతురు ఇచ్చిన జవాబు సారాంశం కూడా ఇదే. 19వ అధ్యాయంలో ఎఫెసు పట్టణంలో పన్నెండు మంది పురుషుల విషయంలోనూ ఇలాగే జరుగుతుంది.

సాక్ష్యం, సూచన... ఇంతవరకూ చిక్కులేదు. చిక్కంతా కొరింథులో వచ్చింది.

కొరింథులో గొడవ

కొరింథు గ్రీకు దేశంలో సందడిగా ఉండే రేవుపట్టణం. అక్కడి సంఘంలో వరాలకు కొదవలేదు, తగాదాలకూ కొదవలేదు. భాషలతో మాట్లాడేవారు తామే ఆత్మీయులమన్నట్టు ప్రవర్తించారు. అందరూ ఒకేసారి మాట్లాడేవారు. రానివారు చిన్నబోయారు. క్రీస్తుశకం 55 ప్రాంతంలో పౌలు వారికి రాసిన మొదటి పత్రికలో 12, 13, 14 అధ్యాయాలు ఈ వ్యవహారం గురించే.

పౌలు ఆ వరాన్ని కొట్టిపారేయలేదు. మీ అందరికన్నా నేనే ఎక్కువగా మాట్లాడతానంటాడు. కానీ దాని చోటు దానికి చూపిస్తాడు. ఒంట్లో కన్ను, చెయ్యి, కాలు వేటి పని వాటిదే అయినట్టు, వరాలు కూడా మనిషికొక తీరు. అందరూ భాషలతో మాట్లాడతారా అని ఆయన అడిగిన తీరులోనే, మాట్లాడరన్న జవాబు ఉంది.

మరి ప్రయోజనం? పౌలు లెక్క స్పష్టం. అలా మాట్లాడేవాడు దేవుడితో మాట్లాడుకుంటాడు, తనకు తాను మేలు చేసుకుంటాడు. తప్పులేదు. కానీ సభలో నలుగురికీ ఉపయోగపడాలంటే అర్థం చెప్పేవారు ఉండాలి. యుద్ధానికి ఊదే బూర స్పష్టంగా మోగకపోతే సైనికుడెవడు లేస్తాడని అడుగుతాడు. అర్థంకాని పదివేల మాటలకన్నా అర్థమయ్యే ఐదు మాటలు మేలంటాడు. సభకు నియమాలూ పెట్టాడు. ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. అర్థం చెప్పేవారు లేకపోతే మౌనంగా దేవుడికి చెప్పుకోవాలి. ఊళ్లోవాడెవడైనా లోపలికొచ్చి చూస్తే పిచ్చివాళ్లనుకోడా అన్నది ఆయన బెంగ. అలాగని ఆపవద్దనీ చివర్లో హెచ్చరిస్తాడు.

ఈ రెండు అధ్యాయాలకూ నట్టనడుమ ఉన్నదే ప్రేమను గురించిన 13వ అధ్యాయం. పెళ్లిళ్లలో తరచూ చదివే ఈ భాగాన్ని పౌలు రాసింది పెళ్లివారి కోసం కాదు, భాషల గురించి కొట్లాడుకుంటున్నవారి కోసం! మనుషుల భాషలే కాదు, దేవదూతల భాషలు వచ్చినా ప్రేమ లేకపోతే అది వట్టి మోతేనన్నది దాని సారం.

ఆగిందా? సాగుతోందా?

భాషలు నిలిచిపోతాయని అదే అధ్యాయంలో ఉంది. ఎప్పుడు? పూర్ణమైనది వచ్చినప్పుడు. ఆ పూర్ణమైనది ఏమిటన్న దగ్గరే సంఘాలు రెండుగా చీలిపోయాయి. అపొస్తలుల కాలంతో, కొత్త నిబంధన పూర్తికావడంతో ఆ వరం పని అయిపోయిందన్నది ఒక వాదం. నాలుగో శతాబ్దం చివర్లోనే జాన్ క్రిసోస్తొమ్ ఈ భాగాన్ని వివరిస్తూ, అలాంటివి ఇప్పుడు జరగడం లేదు కనుక అర్థం చేసుకోవడం కష్టమన్నాడు. అగస్టీన్ ఇంకో మెట్టు పైకెళ్లి, సంఘం అన్ని జాతుల్లోకీ విస్తరించింది కాబట్టి ఇప్పుడు సంఘమే అన్ని భాషలతో మాట్లాడుతోందని వివరించాడు.

పూర్ణమైనదంటే క్రీస్తు రెండోసారి రావడమేనన్నది రెండో వాదం. అప్పటివరకూ వరాలన్నీ ఉంటాయన్నది వీరి నమ్మకం. 1901 జనవరి 1న అమెరికాలోని టొపీకాలో, చార్లెస్ పర్హామ్ నడిపిన బైబిలు పాఠశాలలో ఆగ్నెస్ ఓజ్మన్ అనే విద్యార్థిని భాషలతో మాట్లాడిందన్న వార్తతో ఈ వాదానికి ఊపిరొచ్చింది. పరిశుద్ధాత్మ బాప్తిస్మం పొందారనడానికి తొలి రుజువు భాషలేనని పర్హామ్ బోధించాడు.

ఆయన శిష్యుల్లో విలియం సేమోర్ ఒకడు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి దంపతుల కొడుకు. ఒక కన్ను కనిపించదు. హ్యూస్టన్‌లో వర్ణవివక్ష కారణంగా తరగతి గదిలో కూర్చోనివ్వకపోతే వసారాలో కూర్చుని పాఠం విన్నాడు. 1906 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలిస్‌లోని అజూసా వీధిలో, ఒక పాత కట్టడంలో ఆయన మొదలుపెట్టిన కూడికలే పెంతెకొస్తు ఉద్యమాన్ని ప్రపంచానికి చాటాయి. స్థానిక పత్రికలు ఎగతాళి చేశాయి. కానీ తెల్లవారు, నల్లవారు పక్కపక్కన మోకరించడం ఆ రోజుల్లో అంతకంటే పెద్ద వింత! గురువు పర్హామ్ చూడటానికి వచ్చి ఆ కలగలుపును అసహ్యించుకుని వెళ్లిపోయాడు. క్రమంగా సేమోర్‌కు ఒకటి అర్థమైంది. భాషలు వచ్చినవారిలోనూ ద్వేషం ఉండొచ్చు. అసలైన గుర్తు ప్రేమేనని ఆయన నొక్కి చెప్పసాగాడు.

పరిశోధకులేమంటున్నారు?

భాషాశాస్త్రవేత్త విలియం సామరిన్ ఎన్నో ప్రార్థనలు విని 1972లో ఒక పుస్తకం రాశారు. వీటికి భాషలాంటి లయ, విరుపు ఉన్నాయి గానీ పదానికి అర్థం, వ్యాకరణం ఉన్న భాష కాదన్నది ఆయన తేల్చిన మాట. అయితే అది పిచ్చి లక్షణమన్న వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ న్యూబర్గ్ బృందం ఐదుగురు మహిళల మెదళ్లను స్కాన్ చేసింది. భక్తిగీతాలు పాడేటప్పటితో పోలిస్తే, భాషలతో ప్రార్థించేటప్పుడు మెదడు ముందుభాగంలో చురుకుదనం తగ్గింది. మాటల మీద పట్టు తమది కాదన్న వారి అనుభవానికి ఇది సరిపోయింది. పట్టు ఎవరిదన్నది మాత్రం స్కానర్ చెప్పే సంగతి కాదు.

మరో లెక్క కూడా ఆసక్తికరమే. 2006లో ప్యూ ఫోరం మనదేశంలోని కొన్ని రాష్ట్రాలతో సహా పది దేశాల్లో సర్వే చేసింది. ఆరు దేశాల్లో పెంతెకొస్తు విశ్వాసుల్లోనే 40 శాతానికి పైగా తామెప్పుడూ భాషలతో ప్రార్థించలేదన్నారు. తనకొక్కడికే రాలేదని కుమిలిపోయే విశ్వాసికి ఈ అంకె కాస్త ఊరటే.

మన నేల మీద...

అజూసా వీధి కంటే ముందే, 1905లో పుణె దగ్గరి కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో పెద్ద ఆత్మీయ ఉజ్జీవం వచ్చింది. తర్వాత అక్కడి ఆడపిల్లలూ భాషలతో ప్రార్థించారు. తెలుగునాటా పెంతెకొస్తు సంఘాలు వేళ్లూనుకున్నాయి. కేరళలో పుట్టిన ఇండియన్ పెంతెకొస్తు సంఘం 1935లో రిజిస్టరైంది మన ఏలూరులోనే.

అయితే బైబిలు తెలుగువారి ‘సొంత భాష’లో వినిపించిన కథ ఇంకా పాతది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, దెగ్రాంజ్‌లు ఆనందరాయర్ సాయంతో అక్షరం అక్షరం కూడబలుక్కుని తెలుగు నేర్చారు. అనువాదం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో దెగ్రాంజ్ కన్నుమూశారు. వాళ్ల తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. చూసుకోవడానికి ఇద్దరూ లేరు.

రమాబాయి కూడా అంతే. తన ఆశ్రమంలో భాషల వరం కనిపించినా, అది అందరికీ ఉండి తీరాలని ఆమె అనలేదు. ప్రేమే తప్పనిసరి గుర్తు, తక్కినవి దేవుడి ఇష్టమంది. ఆ తర్వాతి ఏళ్లు దేనికి వెచ్చించిందో తెలుసా? హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, చదువురాని ఆడవాళ్లకు కూడా అర్థమయ్యే మరాఠీలోకి బైబిలు మొత్తం అనువదించింది. 1922లో కన్నుమూసే ముందే ఆ పని పూర్తిచేసింది.

అర్థంకాని మాటల్లో దేవుణ్ని స్తుతించినచోటే, అర్థమయ్యే మాట కోసం అంత కష్టం! కొరింథువారికి పౌలు చెప్పింది కూడా అదేగా... నోట ఏ భాష పలికినా, అది పక్కవాడికి మేలు చేయాలి.