ఫోర్క్ పైపుకి మళ్లీ క్రోమ్: బేరం మైక్రాన్లలో ఆడండి

యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. మైసూరు యెజ్డీల తయారీ కూడా 1996తోనే ముగిసింది. ఇప్పటికీ ఆ బళ్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఇంజను బోరు చేయిస్తారు, ట్యాంకుకి పాత రంగే వెతికి మరీ వేయిస్తారు. అంతా అయ్యాక ముందు షాకబ్జర్ దగ్గర నూనె చార కనిపిస్తుంది. ఆయిల్ సీలు మారిస్తే ఒక నెల బాగుంటుంది, మళ్లీ కారుతుంది. మెకానిక్ ఇంకో సీలు వేస్తాడు. చాలాసార్లు లోపం సీలులో ఉండదు. ఆ సీలు రాసుకునే ఫోర్క్ పైపు మీది క్రోములో ఉంటుంది.

దీన్ని చిన్న విషయంగా తీసెయ్యకండి. కారిన నూనె ఫోర్క్ కాలు వెంట జారి ముందు చక్రం బ్రేకు డ్రమ్ములోకి చేరితే లైనింగు పట్టు తప్పుతుంది. అవసరానికి బ్రేకు పడదు. అందుకే మెరుపు కోసం కాకపోయినా ప్రాణం కోసం ఈ పని తెలుసుకోవాలి.

ఇంత గట్టి క్రోముకి తుప్పెలా పట్టింది?

ఈ కథనమంతా మైక్రాన్ల మీద నడుస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కూరగాయల కొట్లో 120 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ సంచి ఇవ్వకూడదన్న నిబంధన మీకు తెలిసే ఉంటుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఫోర్క్ పైపు మీద కంపెనీ వేసే క్రోమ్ అంతకన్నా చాలా పలచన, చాలా బళ్లకు 10 నుంచి 20 మైక్రాన్లు ఉంటుంది. వెంట్రుకలో మూడో వంతు కూడా లేదన్నమాట.

ఆ పొరకు గట్టిదనంలో లోటు లేదు. వికర్స్ అనే కాఠిన్యపు కొలతలో మామూలు మెత్తని ఉక్కు 150 దగ్గర ఉంటే, ఈ క్రోమ్ 800 నుంచి 1000 దాకా ఉంటుంది. అయితే అందులో కంటికి కనిపించని సన్నని పగుళ్లు పుట్టుకతోనే ఉంటాయి. వాటి గుండా తడి, ఉప్పుగాలి లోపలి ఉక్కును చేరతాయి. క్రోమ్ తుప్పు పట్టదు, కింద ఉన్న ఉక్కు పడుతుంది. ఆ తుప్పు ఉబ్బి పై పొరను చిన్న చిన్న పెచ్చులుగా ఎగదోస్తుంది. అలా ఏర్పడిన గుంటల అంచులు రంపం పళ్లలా సీలు పెదవిని కోస్తాయి.

ప్రతి గుంటకూ క్రోమ్ వేయించాలా?

అక్కర్లేదు. పైపు మొత్తం మీద సీలు తిరగదు. పైపుకి సీలు అంచున ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టి, గతుకుల రోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడిపి రండి. టై ఎంత పైకి జరిగిందో సీలు తిరిగే మేర అంతే. దానికి పైనున్న గుంటలు నూనె కార్చవు. వాటిని సన్నని వాటర్ పేపరుతో రుద్ది, ఎపాక్సీతో పూడిస్తే సరిపోతుంది. సీలు తిరిగే చోట మాత్రం గోటితో గీసి చూడండి. గోరు ఆగని మచ్చను పాలిష్‌తో నెట్టుకురావచ్చు. గోరు ఆగిందంటే క్రోమ్ పని తప్పదు.

సైలెన్సర్ల వాళ్లకి ఇస్తే పోదా?

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. హ్యాండిలు, సైలెన్సరు, మడ్‌గార్డుకి వేసేది అలంకార క్రోమ్. అందులో నికెల్ పొర 10 నుంచి 30 మైక్రాన్లు ఉంటుంది, దాని పైన క్రోమ్ అర మైక్రాన్ దాకా ఉంటుంది. అద్దంలా మెరుస్తుంది కాని రోజుకి వేలసార్లు సీలు, బుష్షు రాసుకునే చోట నిలవదు. ఫోర్క్ పైపుకి కావలసింది హార్డ్ క్రోమ్, అంటే ఉక్కు మీద నేరుగా వేసే మందపాటి గట్టి పొర. 50 మైక్రాన్లు వేయిస్తే అది అలంకార క్రోముకి వంద రెట్లు.

అయితే ఎవరిని అడగాలి? జేసీబీలు, టిప్పర్ల హైడ్రాలిక్ రాడ్లు బాగుచేసేవాళ్లను అడగాలి. ఆ రాడ్డు చేసే పనీ ఇదే, నూనెను సీలు దాటనివ్వకుండా జారడం. బాలానగర్, జీడిమెట్ల లాంటి పారిశ్రామిక వాడల్లో, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల విచారించండి. రెండే మాటలు అడగండి: “హార్డ్ క్రోమ్ వేస్తారా? వేశాక కొలతకు గ్రైండింగు చేసిస్తారా?” రెండిటికీ అవునంటేనే పైపు దింపండి.

కొలత ఎలా నడుస్తుంది?

ఒక ఉదాహరణ వేసుకుందాం. తుప్పు గాని అరుగుదల గాని లేని చోట మైక్రోమీటరుతో కొలిస్తే పైపు వ్యాసం 30.00 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. ముందు పాత క్రోమును, లోతు తక్కువ గుంటలను గ్రైండింగుతో తీసేస్తారు. చుట్టూ 50 మైక్రాన్లు తీస్తే వ్యాసం 29.90కి దిగుతుంది. ఒక పక్క తీసింది రెండో పక్కనా పోతుంది కాబట్టి వ్యాసంలో తగ్గేది రెట్టింపు. తర్వాత 75 మైక్రాన్ల క్రోమ్ ఎక్కిస్తే వ్యాసం 30.05 అవుతుంది. చివరి గ్రైండింగులో 25 మైక్రాన్లు తీసి మళ్లీ 30.00కి తెస్తారు. మిగిలేది 50 మైక్రాన్ల పొర, కంపెనీ వేసినదానికి రెండున్నర నుంచి ఐదు రెట్లు.

చివరి గ్రైండింగు ఎందుకు, అలాగే వాడుకోకూడదా అనిపించవచ్చు. కరెంటుతో ఎక్కే క్రోమ్ ఎక్కడా ఒకే మందాన ఉండదు. కొసల దగ్గర ఎక్కువ పేరుకుంటుంది, పైగా గరుకుగా ఉంటుంది. అలాగే బిగిస్తే కొత్త సీలు తొందరగానే పాడవుతుంది, పైపు బుష్షులో పట్టేస్తుంది.

గ్రైండింగు వల్ల పైపు బలం పోతుందా? గోడ మందం 3 మిల్లీమీటర్లనుకుంటే, 50 మైక్రాన్లు అందులో అరవయ్యో వంతు. ఆ మాత్రానికి భయం లేదు. గుంట లోతు 200 మైక్రాన్లు దాటితే మాత్రం అంత ఉక్కు తీయడమూ మంచిది కాదు, అంత క్రోమ్ నింపడమూ మంచిది కాదు. క్రోమ్ గట్టిదే గాని పెళుసు. పోయిన ఉక్కు బలాన్ని అది తిరిగి ఇవ్వదు. అప్పుడు కొత్త పైపు కొనడమే తెలివి.

తొట్టెలో ఏం జరుగుతుంది?

లీటరు నీటికి సుమారు 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం, అందులో నూరో వంతు, అంటే 2.5 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఈ పాళ్లు కుదిరితేనే క్రోమ్ సరిగా పడుతుంది. 1924 ప్రాంతంలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కాలిన్ ఫింక్ బృందం దీన్ని పరిశ్రమకు పనికొచ్చే స్థాయికి తెచ్చింది. ద్రావణాన్ని 55 డిగ్రీల దగ్గర వేడిగా ఉంచి కరెంటు పంపితే, గంటకు 25 మైక్రాన్ల చొప్పున పొర పెరుగుతుంది. మన 75 మైక్రాన్లకు మూడు గంటలు.

60 సెంటీమీటర్ల పైపు మీద క్రోమ్ వేయాలంటే సుమారు 280 ఆంపియర్లు కావాలి. సీలింగ్ ఫ్యాను తీసుకునేది 0.3 ఆంపియర్లే కనుక ఈ అంకె పెద్దగా కనిపిస్తుంది. కాని వోల్టేజీ 6 దగ్గరే ఉంటుంది. రెండూ గుణిస్తే 1.7 కిలోవాట్లు, మన స్నానాల గది గీజరుకన్నా కాస్త తక్కువే. రెండు పైపులకూ మూడేసి గంటలంటే పది యూనిట్లు. ఈ కరెంటులోనూ రూపాయికి 10 నుంచి 20 పైసల వంతే క్రోముని ఎక్కిస్తుంది. మిగతాది చాలావరకు నీటిని విడగొట్టి హైడ్రోజన్ బుడగలు పుట్టించడానికి పోతుంది.

ఆ హైడ్రోజన్‌లో కొంత ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. అందుకే గట్టి రకం ఉక్కు భాగాలను క్రోమ్ అయిన కొద్ది గంటల్లోనే 200 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కొన్ని గంటలు కాల్చి ఆ వాయువును వెళ్లగొడతారు. మీ పైపుకి అది చేస్తారా అని అడగడం మీ హక్కు.

ఇంతకీ ఎంత క్రోమ్ కొంటున్నాం?

రెండు పైపుల మీద చివరికి మిగిలేది సుమారు 40 గ్రాములు. బంగారం లెక్కలో నాలుగు తులాలు. లోహం అరుదైనదేం కాదు, దాని ఖనిజమైన క్రోమైట్ మన కొండపల్లి కొండల్లోనూ ఉంది. మీరు డబ్బిచ్చేది లోహానికి కాదు. రెండుసార్ల గ్రైండింగుకి, కొలత తెలిసిన చేతికి, వాడేసిన నీటిని శుద్ధి చేసే ఏర్పాటుకి.

ఆ చివరి ఖర్చును తక్కువ చేసి చూడకండి. తొట్టెలో ఉండేది ఆరు సంయోజకత గల క్రోమియం, మనిషికి క్యాన్సర్ తెచ్చేదిగా తేలిన రకం. తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకి 0.05 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. ఐదు మిల్లీలీటర్ల చెంచాడు తొట్టె ద్రావణం 13,000 లీటర్ల నీటిని ఆ హద్దుకి తెస్తుంది. మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకులు పదమూడు. చౌకగా చేస్తానన్నవాడి తొట్టె నీళ్లు వెనక కాలువలోకి పోతుంటే, మీకు మిగిలిన డబ్బును ఆ వీధి బోరుబావులు కడుతున్నట్టే.

ఇచ్చే ముందు, తెచ్చుకున్నాక

ఇచ్చే ముందు వంకర చూడండి. గాజు బల్ల మీద పైపును దొర్లిస్తే వెలుతురు సందు కనిపించకూడదు. లేత్ షాపులో డయల్ గేజీ పెట్టి చూపిస్తే ఇంకా మంచిది. చాలా కంపెనీల సర్వీసు పుస్తకాలు 0.2 మిల్లీమీటర్ల దగ్గర హద్దు గీస్తాయి. వంకర పైపుకి క్రోమ్ వేయిస్తే గ్రైండింగులో ఒక పక్క పొర మొత్తం పోతుంది, రెండో పక్క దట్టంగా మిగులుతుంది.

తెచ్చుకున్నాక పై, మధ్య, కింద మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల్లో మైక్రోమీటరు పెట్టించండి. వచ్చే ఆరు అంకెల మధ్య తేడా 0.02 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆయిల్ సీళ్లు, దుమ్ము సీళ్లు కొత్తవే వేయించండి. ఆ తర్వాత వానలో తిరిగొచ్చిన ప్రతిసారీ పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. సముద్రతీరపు ఊళ్లలో ఉండేవారు ఇది మరవకూడదు.

కొత్త పైపు దొరుకుతుందా, దాని ధరెంత అన్నదీ విచారించండి. క్రోమ్ ఖర్చు, రవాణా కలిపి కొత్త జత ధరను దాటితే, ఆ కొత్తవి కంపెనీ నాణ్యతవే అయితే, కొత్తవే కొనుక్కోండి. కొత్తవి దొరకని బండికి, పాత పైపు వంకర లేకుండా ఉంటే, మళ్లీ క్రోమ్ వేయించడమే సరైన దారి. రసీదు మీద నాలుగు విషయాలు రాయించుకున్నాకే పైపు వదలండి: హార్డ్ క్రోమ్ అన్న మాట, చివరి వ్యాసం, మిగిలే పొర మైక్రాన్లు, గ్రైండింగు ఛార్జీ అందులోనే కలిసి ఉందన్న హామీ.